వాన పడితే ఆగే కారు

మా బాపు జిన్నింగ్ మిల్లు కోసం పల్లెల్లో పత్తి కొనేవాడు. మేం జైనూరులో ఉండేవాళ్లం. తిరుగుడు ఎక్కువని, బొగ్గుగనుల ఆఫీసరొకాయన వాడి వదిలేసిన పాత కారు కొన్నాడు. ఎండాకాలమంతా అది నమ్మకంగా నడిచింది. వానలు మొదలయ్యేసరికి దాని గుణం మారింది. నాలుగు చినుకులు పడితే దగ్గినట్టు చేసి ఆగిపోయేది. కాసేపు వదిలేస్తే దానంతట అదే బాగయ్యేది.

బాపు దాన్ని మంచిర్యాల తీసుకుపోయాడు. అక్కడి మేస్త్రీ పెట్రోలు గొట్టం ఊది, ప్లగ్గులు గీకి, బజారంతా తిప్పి తెచ్చాడు. ఆ రోజు ఎండ కాస్తోంది. కారు ఒక్కసారైనా ఆగలేదు. "దీనికి బీమారేం లేదు సాబ్, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడట. కానీ మబ్బు పట్టిందంటే బాపు ముఖం కూడా మబ్బు పట్టేది.

ఆ శ్రావణంలో అవ్వకు, అంటే మా అమ్మకు, జ్వరం పట్టుకుంది. ఏ మందుకూ దిగలేదు. ఊపిరి తీసుకుంటే ఛాతీలో పోటు. దారిలో వాగు పొంగి బస్సు రావడం లేదు. వాగు తగ్గిందని అటునుంచి వచ్చిన బండివాళ్లు చెప్పడంతో బాపు, "ఇగ ఆగొద్దు, ఆదిలాబాద్ దవాఖానకు పోదాం" అన్నాడు. అవ్వకు గొంగడి కప్పి వెనక సీటులో పడుకోబెట్టాం. నేను ముందు కూర్చున్నాను.

వాగు మీద ఉన్నది గోడలు లేని చిన్న కల్వర్టు. నీళ్లు దాని మీదుగా పల్చగా పారుతున్నాయి. సగం దాటామో లేదో వాన మళ్లీ అందుకుంది. ఇంజన్ ఒకసారి దగ్గింది. ఇంకోసారి దగ్గి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో వాగు చప్పుడు ఒక్కసారిగా పెద్దదైంది.

"ఏమైందే?" అంది అవ్వ వెనకనుంచి.

"ఏం కాలే, నువ్వు పండుకో" అన్నాడు బాపు. ఆయన అలా మెల్లగా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

దిగితే నీళ్లు చీలమండలు దాటాయి. అవ్వను మోసుకుపోదామంటే కాళ్లకింద నాచు. బాపు పక్కకు తెరుచుకునే బానెట్ లేపాడు. "జర గోనెపట్టా పట్టు బిడ్డా, ఇంజన్ తడవొద్దు" అని, ముందుకు పోయి ఇంజన్ స్టార్ట్ చేసే ఇనుప హ్యాండిల్ తిప్పసాగాడు. పట్టా కింద తల పెట్టి నిలబడ్డాను. నీళ్లు పిక్కలకు తగులుతున్నాయి. ఎక్కడినుంచో కొట్టుకొచ్చిన కొమ్మ చక్రానికి గుద్దుకుని తిరిగిపోయింది. కళ్లు మూసుకుందామనుకున్నాను.

పట్టా నీడలో చీకటిగా ఉంది. బాపు హ్యాండిల్ తిప్పినప్పుడు, తీగలన్నీ వచ్చి కలిసే నల్లటి మూత మీద సన్నటి నీలి వెలుగు పాకింది.

"బాపూ, ఇంకోసారి తిప్పు!"

"ఏం కనవడ్డది?"

"మూత మీద నీలం మంట ఉరుకుతున్నది!"

ఆయన వచ్చి మూత ఊడదీశాడు. లోపల చెమ్మ. పక్కన వెంట్రుకంత పగులు. "గిదా! తడి చేరితే కరెంటు ప్లగ్గులకు పోకుండ గీ పగుల్లకెల్లి పోతున్నది. ఎండితే మంచిగైతున్నది" అన్నాడు. తుడవడానికి మా ఇద్దరి ఒంటిమీద పొడి గుడ్డ లేదు. నేను వెనక తలుపు తెరిచి చెబితే, అవ్వ గొంగడి కిందనుంచి తన కొంగు తీసి ఇచ్చింది. బాపు మూతను తీగలతో సహా వెనక తలుపు దగ్గరికి తెచ్చి, వంగి దానితోనే తుడిచాడు. అవ్వ సంచిలోంచి కుంకుమ భరిణె తీసి, బొట్టు కింద పూసుకునే మైనం చూపించింది. "గీ మైనం వెట్టుండ్రి. కడవకు చిల్లు వడితే గిదే వెడ్తం గద" అంది.

బాపు పగులు నిండా మైనం అదిమాడు. తడి చేతులు జారి మూత కూర్చోలేదు. నేను రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను, ఆయన బిగించాడు. మొదటి తిప్పుకు ఇంజన్ పలకలేదు. తర్వాత గట్టిగా తుమ్మి అందుకుంది. కారు కదలగానే వెనక్కి చూడాలని కూడా తోచలేదు నాకు.

దవాఖాన ముందు కూడా బాపు ఇంజన్ ఆపలేదు. "అవ్వను నువ్వే లోపటికి తోల్కపో. బంద్ జేస్తే మళ్ల స్టార్ట్ గాకపోతే?" అన్నాడు. అవ్వకు సూది వేసి, మంచం ఇచ్చి, ప్రాణభయం లేదని డాక్టరమ్మ చెప్పాక బయటికొచ్చాను. ఆయన స్టీరింగ్ రెండు చేతులా పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఇంజన్ నడుస్తూనే ఉంది.

"అవ్వకు పానం మంచిగనే ఉన్నది. ఇగ బంద్ చెయ్ బాపూ" అన్నాను.

ఆపడానికి ఆయనకు చెయ్యి రాలేదు. నేనే లోపలికి వంగి తాళం తిప్పాను.