ఊడదీసినా పలికిన పెట్టె

ఆ ఏడాది చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో వెర్లిన్ టాలెఫ్సన్ తనకు మతి తప్పుతోందని నమ్మాడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా చేస్తున్న ఉద్యోగం ఇక చేయలేనని ఆ శుక్రవారం కౌంటీ సమావేశంలో చెప్పేయడానికి సిద్ధపడ్డాడు. దానికి కారణం చేపగుడ్లు పొదిగించే మా హేచరీలో గోడకున్న పెట్టె. సబ్బుపెట్టె కంటే కాస్త పెద్దది, అంతే. అరవై మూడేళ్ళ నిదానస్తుణ్ణి మూడు రోజుల్లో తలకిందులు చేసింది.

వెర్లిన్ పని కంప్యూటర్ల లైన్లు చూడటం. అమెరికాలో, మినెసోటాలో జిల్లా లాంటి మా ఉత్తరపు కౌంటీ అంతటికీ అతనొక్కడే. బడి, లైబ్రరీ, రోడ్ల మరమ్మతు షెడ్డు, మా హేచరీ, ఎక్కడ లైను పోయినా పాత తెల్ల ట్రక్కులో వస్తాడు. వచ్చి ఎక్కువ మాట్లాడడు. బూట్ల బురద తుడుచుకుని, ఫ్లాస్కులోంచి కాఫీ ఒంపుకుని, ల్యాప్‌టాప్ తెరిచి ముందు పింగ్ కొడతాడు. పింగ్ అంటే బ్రహ్మవిద్య కాదు. ప్రతి యంత్రానికీ ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరుతో నాలుగుసార్లు పిలవడం, నాలుగుసార్లూ పలికిందా లేదా చూడటం. పలికితే లైను బాగున్నట్టు, పలక్కపోతే ఎక్కడో తెగినట్టు. ఆ నంబర్లు ఇచ్చేదీ అతనే. ఏ యంత్రానికి ఏది ఇచ్చాడో నీలం అట్ట పుస్తకంలో రాసుకుంటాడు. అదే నంబరు కాగితం టేపు మీద రాసి యంత్రానికి అంటిస్తాడు.

ఒక ఏడాది మా బడిలో రోజూ పదకొండున్నరకు లైను పోయేది. పట్నం నుంచి కోటు వేసుకుని వచ్చినవాడు మొత్తం వైర్లు మార్చాలన్నాడు. వెర్లిన్ రెండు రోజులు వంటగదిలో స్టూలు వేసుకుని పింగ్ కొడుతూ కూర్చున్నాడు. వంటావిడ పాత మైక్రోవేవ్ నొక్కిన ప్రతిసారీ పలుకు ఆగిపోతోందని పట్టుకున్నాడు. అతని గొప్పతనం తెలివి కంటే ఓపికలో ఉందని నా నమ్మకం. నాకది బొత్తిగా లేదు కనుక నాకు బాగా కనిపిస్తుంది.

ఏప్రిల్ మొదట్లో అతని భార్య లవోన్ పోయింది. చర్చికి ఊరంతా వెళ్ళాం. తర్వాత అతను పద్దెనిమిది రోజులు సెలవులో ఉన్నాడు. తిరిగి వచ్చాక మునుపటి మనిషి కాడు. ట్రక్కు ఇంజను ఆపకుండానే లైబ్రరీలోకి వెళ్ళిపోయాడని ఒకరన్నారు. బడికి పోవాల్సినవాడు రోడ్ల షెడ్డుకొచ్చి, "ఎందుకొచ్చాను?" అని అడిగాడని ఇంకొకరన్నారు.

ఇక నా సంగతి. హేచరీ నాది కాదు, కమిటీది. నడిపేది నేను కనుక తిట్లు మాత్రం నావే. సరస్సు మీద మంచు కరగ్గానే వాలై చేపల గుడ్లు తీసి గాజు జాడీల్లో పోస్తాం. జాడీ అడుగు నుంచి సరస్సు నీళ్ళు పొంగుతూ గుడ్లను కదుపుతూ ఉండాలి. నీళ్ళాగితే గుడ్లు కింద చేరి గడ్డకట్టి ఊపిరాడక చస్తాయి. అరగంట చాలు. అందుకే బయట పంపుల షెడ్డు గోడకు ఆ పెట్టె ఉంది. ఆఫీసు కంప్యూటరు దాన్ని పిలిచి అడుగుతూ ఉంటుంది. నీళ్ళు తగ్గితే పెట్టె కంప్యూటరుకు చెబుతుంది, కంప్యూటరు మా ఫోన్లకు చెబుతుంది.

మంగళవారం మధ్యాహ్నం పంపు బెల్టు జారింది. ఫోను మోగలేదు. నాతో పనిచేసే డువేన్ నీళ్ళ చప్పుడు లేదేమిటా అని లోపలికొచ్చి చూశాడు కాబట్టి సరిపోయింది. అప్పటికే పదకొండు జాడీలు పోయాయి. జాడీకి లక్ష పైగా గుడ్లు. నేను పెట్టెను నానా తిట్లూ తిట్టి వెర్లిన్‌కు ఫోను చేశాను.

బుధవారం పొద్దున్నే వచ్చాడు. పింగ్ కొట్టాడు. నాలుగుకు నాలుగు పలికాయి. డువేన్‌ను నీళ్ళు తగ్గించమన్నాడు. నా ఫోను గంటలా మోగింది.

"బాగానే ఉందిగా ఆర్డిస్," అన్నాడు వెర్లిన్.

"నా పదకొండు జాడీలకు చెప్పు ఆ మాట!"

అతను నొచ్చుకోలేదు. ఆఫీసులో దాని రేడియోకు వెళ్ళే వైరు మార్చాడు, వైరు దూర్చే రంధ్రం మార్చాడు, పుస్తకంలో ఏదో రాసుకుని వెళ్ళాడు. మధ్యాహ్నం రెండింటికి నాకు అనుమానం వచ్చి నేనే నీళ్ళు తగ్గించి చూశాను. ఫోను ఉలకలేదు, పలకలేదు. వెర్లిన్‌ను మళ్ళీ పిలిచాను. అతను బడిలో పని ముగించుకుని సాయంత్రం వచ్చి నీళ్ళు తగ్గిస్తే మళ్ళీ మోగింది!

"పొద్దున బాగుంటుంది, మధ్యాహ్నం చస్తుంది, సాయంత్రం లేస్తుంది. ఇదేం రోగమయ్యా?" అన్నాను.

"నాకూ తెలియట్లేదు," అన్నాడు. అతని నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. లేచి వెళ్తూ టోపీ మర్చిపోయాడు. టోపీ కోసం తిరిగొచ్చి, ఎందుకొచ్చాడో మర్చిపోయి గుమ్మంలో నిలబడ్డాడు. నేనే తీసి చేతిలో పెట్టాను.

గురువారం మధ్యాహ్నం ఏమైతే అదవుతుందని ఆఫీసులో తిష్ఠ వేశాడు. నేను నా బల్ల దగ్గర జాడీలకు అంటించే చీటీలు ప్రింటు చేసి కత్తిరించుకుంటున్నాను. డువేన్ జాడీల దగ్గర కాపలా. వెర్లిన్ ఆగకుండా పింగ్ నడిచేలా పెట్టాడు. తెర మీద వరసగా జవాబులు దిగుతున్నాయి. చాలాసేపు వాటినే చూసి, "తొందరగా పలుకుతోంది," అన్నాడు.

"తొందరగా పలికితే మంచిదేగా?"

"పెట్టె పంపుల షెడ్డులో ఉంది. పిలుపు గాలిలో రేడియో మీద పోయి రావాలి. రోజూ కాస్త ఆలస్యమయ్యేది. ఇప్పుడు పక్కనే కూర్చుని పలికినట్టు పలుకుతోంది."

నాకేమీ బోధపడలేదు. అతను లేచి షెడ్డుకు వెళ్ళాడు. అయిదు నిమిషాల్లో తిరిగొచ్చాడు. చేతిలో పెట్టె ఉంది. గోడ నుంచి ఊడదీసి, కరెంటు వైరు పీకేసి తెచ్చాడు. దాన్ని బల్ల మీద పెట్టి తెర వైపు చూశాడు. జవాబులు దిగుతూనే ఉన్నాయి.

చచ్చిన పెట్టె కళ్ళెదుట పడి ఉంది, అటు తెర మీద 'ఉన్నాను, ఉన్నాను' అని పలుకుతోంది.

"ఆర్డిస్, నీకూ కనపడుతోందా? నాకొక్కడికేనా?" అన్నాడు.

"నాకూ కనపడుతోంది. దీన్ని పాతిపెడదాం పద," అన్నాను. నవ్విద్దామని అన్నాను. అతను నవ్వలేదు. కుర్చీలో కూలబడి పుస్తకం తీసి పేజీలన్నీ తిరగేశాడు.

"అర్థమైంది," అన్నాడు చివరికి. "ఒకే నంబరు రెండింటికి పడింది. రెండోది ఎక్కడో మేలుకున్నప్పుడల్లా పెట్టె బదులు అది పలుకుతోంది. నీళ్ళ సంగతి దానికేం తెలుసు? పిలిస్తే పలకడం ఒక్కటే తెలుసు. పలుకుతోంది కదా, అంతా క్షేమమని నీ కంప్యూటరు ఊరుకుంటోంది."

"దొరికిందిగా మరి! ముఖం అలా పెట్టావేం?"

"నంబర్లిచ్చేది నేనొక్కణ్ణే. పుస్తకంలో ఈ నంబరు ఒక్కచోటే ఉంది. అంటే ఇంకోచోట నేనే ఇచ్చాను. రాయడం మరిచాను. ఇచ్చిన సంగతీ మరిచాను." పుస్తకం మూసేశాడు. "మా నాన్నకు ఈ వయసులోనే మొదలైంది. ముందు తాళాలు, తర్వాత దారులు, తర్వాత మా పేర్లు. రేపు సమావేశంలో చెప్పేస్తాను, వేరేవాణ్ణి చూసుకోమని. ఈసారి పదకొండు జాడీలతో పోయింది."

"ముందు ఆ రెండోదేదో చూద్దాం," అన్నాను.

ఆఫీసు గోడకున్న డబ్బాలోకి ఏడు వైర్లు వస్తాయి. ఒక్కొక్కటే పీకుతూ తెర చూడటం మొదలుపెట్టాడు. మొదటిది పీకాడు, పలుకుతోంది. మళ్ళీ పెట్టాడు. రెండోది, పలుకుతోంది. మూడోదీ అంతే. నాలుగోది పీకగానే జవాబులు టక్కున ఆగిపోయాయి. ఆ వైరును చేత్తో పట్టుకుని, గోడ వెంట, ఫ్రిజ్ వెనక, నా కుర్చీ కింద పాక్కుంటూ వచ్చి నా బల్ల దగ్గర తేలాడు. వైరు నా చీటీల ప్రింటరులోకి వెళ్ళింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. అప్పటికి నా చేతిలో కత్తెర అలాగే ఉంది.

వెర్లిన్ మోకాళ్ళ మీదే కూర్చుని ప్రింటరును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది ఎప్పుడు పెట్టానో చూడు, గుర్తే లేదు," అన్నాడు నెమ్మదిగా. "కొంచెం కూడా గుర్తు లేదు ఆర్డిస్."

దాచడమెందుకు, నేను అప్పుడు వెంటనే నోరు విప్పలేదు. హేచరీ కమిటీకి పదకొండు జాడీల లెక్క నేను చెప్పాలి. తప్పు తనదేనని అతనే ఒప్పుకుంటున్నాడు. ఊరుకుంటే సరిపోయేది. కానీ అతను కళ్ళు మూసుకుని, ప్రింటరు మీద చెయ్యి వేసి, గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తున్నాడు. చెయ్యని పనిని! అది చూడలేకపోయాను.

"నువ్వు పెట్టలేదు," అన్నాను. "నేను పెట్టాను."

కళ్ళు తెరిచాడు.

"ఈ ప్రింటరు ఏప్రిల్‌లో వచ్చింది. నంబరు అడిగింది. పెట్టె మీద నీ టేపు కనపడితే చూసి అదే కొట్టాను. ఇంటి నంబరు లాంటిదనుకున్నాను వెర్లిన్. ఒక ఇంట్లో ఉన్నవాళ్ళందరికీ ఒకటే నంబరు కదా! మధ్యాహ్నం చీటీలు కొట్టుకునేటప్పుడు వేస్తాను, అయిపోగానే ఆపేస్తాను. కరెంటు దండగని."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననిపించింది. కానీ అతని ముఖం మెల్లగా విచ్చుకుంది. బల్ల కాలు పట్టుకుని లేచి, కుర్చీలో కూర్చుని, రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు.

"అయితే నేను మరిచిపోలేదు," అన్నాడు.

"లేదు. నీ పుస్తకం నిక్షేపంగా ఉంది. మతి లేనిదాన్ని నేను."

"మరి నాకు ఒక్క ఫోను చేస్తే పోయేదిగా? రెండు నిమిషాల పని."

"ఎలా చేస్తాను? లవోన్ పోయి నాలుగు రోజులు కూడా కాలేదు. ఆ సమయంలో ప్రింటరు గోల నీకెందుకు, ఇబ్బంది పెట్టడం దేనికని ఊరుకున్నాను."

వెర్లిన్ తల ఊపాడు. ఫ్లాస్కు మూత తిప్పుతూ, దాని వైపే చూస్తూ చెప్పాడు.

"అందరూ అదే అనుకున్నారు. పద్దెనిమిది రోజులు ఒక్క ఫోను రాలేదు. గుమ్మంలో తొమ్మిది గిన్నెల కూర పెట్టారు, ఒక్కరూ తలుపు కొట్టలేదు. పొద్దున తలుపు తీస్తే గిన్నె ఉండేది, మనిషి ఉండేవాడు కాదు. మా ఇంటి లైను పోయిందేమోనని అనుకున్నాను. కూర్చుని నా ఇంటికి నేనే పింగ్ కొట్టుకున్నాను ఆర్డిస్. నాలుగుకు నాలుగు పలికాయి. లైను బాగానే ఉంది."

ఆ తొమ్మిదింటిలో ఒక గిన్నె నాది. వాకిట్లో ట్రక్కు చూశాను, లోపల దీపం చూశాను. ఇంజను ఆపకుండా దిగి, గిన్నె పెట్టి, పిల్లిలా వెనక్కి వచ్చేశాను. మర్యాద చేశాననుకున్నాను.

అతను ప్రింటరుకు కొత్త నంబరిచ్చాడు, టేపు మీద రాసి అంటించాడు, పుస్తకంలో ఎక్కించాడు. పెట్టెను మళ్ళీ గోడకు బిగించాడు. డువేన్ నీళ్ళు తగ్గించాడు. ప్రింటరు నడుస్తుండగానే ఫోను మోగింది. మరునాటి సమావేశానికి వెళ్తావా అని అడిగితే, "వెళ్ళి చెప్పడానికేముంది ఇప్పుడు?" అన్నాడు.

అతను టోపీ పెట్టుకుని బయల్దేరుతుంటే, "ఆరింటికి మా ఇంటికి భోజనానికి రా," అన్నాను.

"ఎందుకులే ఆర్డిస్, మీకు ఇబ్బంది."

నాకు ఒళ్ళు మండింది. "అవునయ్యా, ఇబ్బందే! ఇల్లు చిందరవందరగా ఉంది. ఇంట్లో నిన్నటి సూప్ తప్ప ఏమీ లేదు. మా ఆయన పడవ మోటారు సంగతి మొదలుపెడితే ఆపడు. అయినా సరే రా. రాకపోతే నేనే వచ్చి నీ తలుపు బద్దలు కొడతాను!"

వెర్లిన్ గుమ్మంలో నిలబడి గోడ గడియారం వైపు చూశాడు. అప్పుడు టైము నాలుగున్నర.

"ఆరింటి దాకా ఎందుకు," అన్నాడు, "అయిదింటికే రానా?"