వంటింటి తలుపు వెనక టైం టేబుల్

మా మనవడి భార్య గోడ క్యాలెండర్‌లో ఎర్ర సున్నాలు చుడుతోంది. వాళ్ళ పాపకి ఆయాసం వచ్చిన రోజులవి. “అచ్ఛా మామ్మా, ఈసారి ఇరవై ఆరు రోజులైంది. తగ్గుతోందంటావా?” అంది. ఇంట్లో నేను లెక్కల మనిషిని. పాలవాడు కూడా ఏ రోజు రాలేదో నన్నడిగే తెలుసుకుంటాడు. వేలితో ఆ సున్నాల మధ్య రోజులు మళ్ళీ లెక్కపెట్టాను. ఇదే బిలాస్‌పూర్‌లో, మా పాత రైల్వే క్వార్టర్‌లోని వంటింటి తలుపు గుర్తొచ్చింది.

అప్పుడు నాకు పదకొండేళ్ళు, చెల్లికి ఆరు. నాన్న లోకో షెడ్డులో ఫిట్టరు. ఆయాసం వస్తే చెల్లి మూడు రోజులు మంచం మీద కూర్చునే ఉండేది; పడుకుంటే ఊపిరాడదు. అమ్మ ఆవనూనెలో కర్పూరం వేసి వెచ్చచేసి గుండెకి రాసేది. పెద్దయితే పోతుందన్నాడు డాక్టరు, పోకపోవచ్చని కూడా అన్నాడు. రెండూ ఒకే గొంతుతో అన్నాడని అమ్మకి కోపం. నిజానికి ఆయాసం లేని రోజులే ఆవిడకి ఎక్కువ కష్టం. పోపు వేస్తున్నా ఒక చెవి చెల్లి దగ్గు మీదే. చేతిలో రైలు పాసున్నా, విజయనగరంలో పుట్టింటి గడప తొక్కి మూడేళ్ళయింది.

“ఏ బండికైనా ఓ టైం ఉంటాది. దీనికుండదేటి?” అన్నారు నాన్న. రైల్వే వాళ్ళ ఇంట్లో తప్ప ఇంకెక్కడా పుట్టని ఆలోచన. ఇంజన్ల మీద గుర్తులు పెట్టే సుద్దముక్క షెడ్డు నుంచి తెచ్చి నాకిచ్చారు. ఆయాసం వచ్చిన ప్రతి తారీఖూ, మధ్య ఎన్ని రోజుల ఎడమో తలుపు వెనక రాశాను. పందొమ్మిది, ఇరవై రెండు, ఇరవై, ఇరవై ఒకటి, పద్దెనిమిది. కూడితే వంద, అయిదుతో భాగిస్తే ఇరవై. శేషం లేదు. నాకు ఎంత గర్వమో.

అంతలో మేనమామ కూతురి పెళ్ళి కబురొచ్చింది. బయల్దేరే నాటికి, కిందటిసారి ఆయాసం వచ్చి ఎనిమిది రోజులవుతుంది. వెళ్ళి రావడానికి పది. ఇంకా రెండు రోజులు చేతిలో ఉంటాయి. “మరోపాలి కూడవే,” అని అమ్మ మూడుసార్లు కూడించి, పెట్టెలోంచి పట్టుచీర తీసింది.

ప్లాట్‌ఫారం మీద బెడ్డింగుపై కూర్చున్న చెల్లి భుజాలు ఎగసిపడడం నేనే ముందు చూశాను. అమ్మ కొంగు పట్టి లాగాను. బండి వచ్చింది, ఆగింది, మేం లేకుండానే వెళ్ళిపోయింది. అమ్మ పట్టుచీరతోనే చెల్లిని ఎత్తుకుని నడిచింది.

“స్పెషల్ బండి టైం టేబుల్లో ఉంటాదేటే,” అన్నారు నాన్న, బెడ్డింగు మోస్తూ.

“మీ షెడ్డు మాటలు షెడ్డులోనే ఉంచండి,” అంది అమ్మ. నా ఏడుపు చూసి, “నీ లెక్క తప్పు కాదే. ఆ ఆయాసానికే లెక్కలు రావు,” అంది.

ఇక ఆ తలుపు తుడిచేస్తుందనుకున్నాను. నాలుగో రోజున ఆవిడే సుద్దముక్క నా చేతికిచ్చి, “ఎనిమిదని రాయి,” అంది.

పద్నాలుగో ఏడు దాటాక చెల్లికి ఆయాసం మళ్ళీ రాలేదు. అది వచ్చిన ప్రతి తారీఖూ నా చేత్తోనే రాశాను. ఆఖరి తారీఖు వేసినప్పుడు మాత్రం అదే ఆఖరిదని ఎవరికీ తెలియలేదు. అందుకే మరో రెండేళ్ళు, అది ఎప్పుడో వదిలి వెళ్ళిపోయిన ఇంట్లో, దాని కోసం రోజులు లెక్కపెడుతూ కూర్చున్నాం.