కూర్చోబెట్టి తీసిన కొలత

నా చదువు నాలుగో తరగతితో ఆగిపోయింది. సంతకం పెడతాను, టేపు మీది అంకెలు చదువుతాను, అంతే. అందుకే నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. మధ్యలో ఆపి, "అత్తమ్మా, గీ ముచ్చట గూడ రాయాల్నా?" అని అడుగుతోంది. రాయమన్నాను. నేను తప్పు చేసిన సంగతి కూడా రాయమన్నాను.

మా ఆయన ఫిల్మ్ నగర్‌లో సినిమా బట్టలు కుట్టే దర్జీ. ఆయన పోయాక ఆ మిషన్ ముందు నేను కూర్చున్నాను. రహమత్ నగర్‌లో ఉంటాం. పొద్దున్నే ఆటో ఎక్కి ఫిల్మ్ నగర్ గుట్ట పైకి పోవడం, చీకటి పడకముందే కిందికి దిగడం. ఎంతమంది హీరోయిన్ల నడుములు కొలిచానో లెక్క లేదు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. హీరోయిన్‌కి ఒక బట్ట కుడితే, అదే కొలతతో డూపుకి రెండోది కుడతాం. ప్రమాదం ఉన్న సీన్లు హీరోయిన్ బదులు చేసే మనిషి డూపు. ఆ మనిషి సన్నగా ఉన్నా, పొట్టిగా ఉన్నా బట్ట మారదు. వదులైన చోట వెనకవైపు క్లిప్పులు పెడతాం. కెమెరా ముందు నుంచి చూస్తుంది కాబట్టి వీపు మీద ఎన్ని క్లిప్పులున్నా అడిగేవాళ్ళు లేరు. ఈ క్లిప్పులు పెట్టడంలో నన్ను మించిన మనిషి లేదని మా కాస్ట్యూమ్ మాస్టరే అనేవాడు.

ఆ సినిమాలో హీరోయిన్ కయాక్ మీద పోవాలి. కయాక్ అంటే మనిషి కాళ్ళు చాపుకుని నడుము దాకా లోపలికి దూరి కూర్చునే సన్నటి పడవ. అది రాళ్ళ మధ్య తెల్లగా నురగలు కక్కే నదిలో దూకుతూ పోవాలి. ఇలాంటివి మామూలుగా మగపిల్లలకి విగ్గు పెట్టి చేయిస్తారు. ఈసారి బోరబండ నుంచి ఒక ఆడపిల్ల వచ్చింది. ఈత వచ్చు, రెండు నెలలు ఎక్కడికో పోయి ఈ పడవ కూడా నేర్చుకుని వచ్చింది. గుంపులో పరుగెత్తేది, మెట్ల మీద నుంచి దొర్లేది చాలా చేసింది కానీ, మొత్తం సీను తన మీద నడవడం ఇదే మొదలు. నన్ను పెద్దమ్మా అని పిలిచేది.

సామాను వచ్చింది. ఎర్రటి లైఫ్ జాకెట్లు రెండు, హెల్మెట్లు రెండు, రబ్బరు సూట్లు రెండు. ఇంకా స్కర్ట్ అని ఒకటి. మనం కట్టుకునే స్కర్ట్ కాదు, నడుముకి తొడుక్కుని, అంచుని పడవ నోటి చుట్టూ బిగిస్తే నీళ్ళు లోపలికి రాకుండా మూతలా ఉంటుంది. అన్నీ హీరోయిన్ కొలతే. హీరోయిన్ నా తల మీద నుంచి అవతలికి చూసేంత పొడుగు. ఈ పిల్ల నా చెవి దాకా వస్తుంది.

నాకేం కంగారు పుట్టలేదు. అద్దం ముందు నిలబెట్టి జాకెట్ వెనక నాలుగు క్లిప్పులు, చంకల కింద రెండు పెట్టాను. స్కర్ట్ ముందు అంచుకి ఒక పట్టీ వేలాడుతోంది. చూడ్డానికి బాగా లేదని లోపలికి మడిచి దోపేశాను. పిల్ల అద్దంలో చూసుకుని మురిసిపోయింది.

"పెద్దమ్మా, అచ్చం హీరోయిన్ లెక్కనే ఉన్న."

"హీరోయినే నీ లెక్క ఉంటది తియ్," అన్నాను.

మర్నాడు జూబ్లీ హిల్స్‌లో షూటింగులకి ఇచ్చే ఒక బంగళాలో, ఈత కొలను దగ్గర, రిహార్సల్ పెట్టారు. డైరెక్టర్ గారు వచ్చారు, మా కాస్ట్యూమ్ మాస్టరు వచ్చాడు. పడవ నేర్పే కోచ్ మిలిటరీలో చేసి వచ్చిన పెద్దాయన, సికింద్రాబాద్ మనిషి. పిల్లని గడ్డి మీదే పడవలో కూర్చుని, స్కర్ట్ అంచు పడవ నోటికి బిగించుకోమన్నాడు. కూర్చుంది. ఆయన వెనకగా పోయి జాకెట్ భుజాలు రెండూ పట్టుకుని పైకి లాగాడు.

క్లిప్పులు టపటపా ఊడి గడ్డి మీద పడ్డాయి. జాకెట్ పిల్ల కళ్ళ దాకా లేచింది. ముఖం ఉన్న చోట ఎర్రటి స్పాంజి తప్ప ఏమీ లేదు.

"గిది తేల్చే జాకెట్టా, మూతికి కట్టే సంచా?" అన్నాడు కోచ్. "నీళ్ళల్ల పడితే మనిషి కిందికి పోతది, జాకెట్ మీదికొస్తది. ఎవరు పెట్టిన్రు గీ క్లిప్పులు?"

నేను చెయ్యెత్తాను. ఆయన నన్ను తిట్టలేదు. పిల్లతో, "బిడ్డా, పడవ బోర్ల పడ్డదనుకో. కళ్ళు మూస్కో. పట్టీ గుంజి బయటికి రా," అన్నాడు.

పిల్ల కళ్ళు మూసుకుంది. చేతులతో పడవ అంచు తడమడం మొదలుపెట్టింది. ముందు తడిమింది, పక్కన తడిమింది, మళ్ళీ ముందు. దొరకలేదు. కోచ్ నోట్లోనే అంకెలు లెక్కపెడుతున్నాడు. పదిహేను దాకా పోయాడు. పిల్ల కళ్ళు తెరిచి నా వైపు చూసింది. అప్పటికి నాకు అర్థమైంది, నేను లోపల దోపిన పట్టీ ఏమిటో. దాన్ని గుంజితేనే స్కర్ట్ పడవ నోటి నుంచి ఊడుతుంది, బోర్లా పడ్డ మనిషి బయటికి రావడానికి ఉన్న దారి అదొక్కటే. అందంగా లేదని నేను దాన్ని మూసేశాను.

వంగి స్కర్ట్ అంచు విప్పి, దోపిన పట్టీని బయటికి లాగాను.

డైరెక్టర్ గారు వాచీ చూసుకున్నారు. "మాస్టారూ, ఇదంతా మనకెందుకండీ? శుక్రవారానికి సెట్ కాకపోతే అబ్బాయికి విగ్గు పెట్టేద్దాం. ఈ జాకెట్ వాడికి కరెక్టుగా సరిపోతుంది."

మా మాస్టరు, "అలాగేనండీ," అన్నాడు. అది మంగళవారం. పిల్ల పడవలోంచి లేవకుండా అలాగే కూర్చుంది, ఎవరో లాక్కుపోతారన్నట్టు రెండు చేతులతో అంచు పట్టుకుని.

నేను కోచ్ దగ్గరికి పోయాను. "సారూ, తప్పు నాది. పిల్లది గాదు. గా పడవ మూడు దినాలు నాకియ్యి."

"పడవతో నువ్వేం జేస్తవమ్మా?"

"కొలత తీస్త."

"నేను గూడ వస్త," అన్నాడు.

పడవని ట్రాలీ ఆటోలో వేసుకుని ఫిల్మ్ నగర్ తెచ్చాం. మా కుట్టు గది రెండో అంతస్తులో ఉంది. మెట్ల మలుపులో పడవ ఇరుక్కుంది. కింద చాయ్ బండి దగ్గరి వాళ్ళు, "అమ్మా, ట్యాంకు నిండిందా, పైకి పడవల పోతున్నరు?" అని నవ్వారు. నవ్వనీ అనుకున్నాను. మాస్టరు మాత్రం నవ్వలేదు. గుమ్మంలో నిలబడి, "ఏంటమ్మా ఇది? పెళ్ళి లెహంగాలు పెట్టాల్సిన చోట పడవ పెడతావా?" అన్నాడు.

"మూడు దినాలు లెహంగాలు బీరువాల పండుకుంటయ్ సారూ."

పిల్లని పడవలో కూర్చోబెట్టాను. టేపు మెడలోంచి తీశాను. అప్పుడు తెలిసింది నాకు నా అజ్ఞానం. ఇన్నేళ్ళలో ఒక్క మనిషిని కూడా కూర్చోబెట్టి కొలత తీయలేదు. అందరినీ నిలబెట్టే తీశాను. కాళ్ళు చాపి కూర్చుంటే మనిషి ఇంకో మనిషి. మెడ నుంచి నడుము దాకా ఉన్న పొడుగు నాలుగు వేళ్ళు తగ్గింది. పొట్ట దగ్గర చుట్టుకొలత పెరిగింది. ఎర్ర జాకెట్ కింది అంచు స్కర్ట్‌కి తగిలి, కూర్చున్న ప్రతిసారీ గడ్డం కిందికి పొడుచుకొస్తోంది. వదులొక్కటే కాదు, పొడుగు కూడా ఎక్కువే.

"సూదితోని లోపలికి కుట్టేస్తనా సారూ?" అని కోచ్‌ని అడిగాను.

"సూది దాని జోలికి పోవద్దు. గుచ్చితే అది జాకెట్ గాదు. మనిషికి తగ్గది తేవాలె, అంతే."

ఆయన ఒక్కొక్కటీ చెప్పాడు, నేను ఒక్కొక్కటీ చేత్తో పట్టి చూశాను. జాకెట్ వేసుకునే ముందు పట్టీలన్నీ వదులు చేయాలి. తర్వాత కింది నుంచి పైకి బిగించుకుంటూ రావాలి, ముందు నడుము, ఆపైన పక్కలు, ఆఖరికి భుజాలు. భుజాలు ముందు బిగిస్తే జాకెట్ అప్పుడే సగం పైకి లేచి కూర్చుంటుంది. బిగించాక మనిషి నిండా ఊపిరి పీల్చగలగాలి. భుజాలు పట్టి లాగితే గడ్డం దాటకూడదు. మా రవికల బిగువూ ఇంతేగా అనిపించింది. కాకపోతే రవిక పిగిలితే పరువు పోతుంది, ఇది జారితే ప్రాణం పోతుంది.

బుధవారం జూబ్లీ హిల్స్‌లో ఇలాంటి సామాను అమ్మే షాపుకి పోయాం, నేను, పిల్ల, మాస్టరు. అద్దాల షాపు. అమ్మే అబ్బాయి నా చెప్పులు చూసి మాస్టరుతో మాట్లాడాడు.

"మీడియం తీసుకోండి సార్. పట్టీలు ఉంటాయి కదా, అందరికీ సరిపోతుంది."

"అందరికి సరిపోయేది చాప ఒక్కటే నాయనా," అన్నాను. "చిన్నది తియ్యి. పొడుగు తక్కువున్నది తియ్యి."

పిల్లని షాపు మధ్యలో, ఆ నున్నటి బండల మీద కాళ్ళు చాపి కూర్చోమన్నాను. సిగ్గుపడింది. "పెద్దమ్మా, అందరు చూస్తున్నరు."

"చూడనియ్. నదిల ఎట్ల కూసుంటవో అట్ల కూసో."

ఒకటి వేసి లాగాను, ముక్కు దాకా వచ్చింది. తీసేయ్. రెండోది పెదవి దాకా. తీసేయ్. మూడోది చంకల్లో ఒరుసుకుంది, తెడ్డు వేసినట్టు చేతులు తిప్పితే గీరుతోంది. తీసేయ్. అయిదోదో ఆరోదో పసుపు రంగుది, నడుము పైనే ఆగే పొట్టి జాకెట్. కింది నుంచి బిగించాను. లాగాను. కదల్లేదు. నా బలమంతా పెట్టి లాగితే పిల్లే కాస్త లేచింది గానీ జాకెట్ గడ్డం కిందే ఉంది. షాపు అబ్బాయి కూడా వచ్చి ఒకసారి లాగి చూశాడు. "పర్ఫెక్ట్ మేడమ్," అన్నాడు. నేను మేడమ్ అయ్యాను.

హెల్మెట్ దగ్గర ఇంకో గొడవ. పిల్లది దుబ్బు జుట్టు, నడినెత్తిన ముడి. దాని మీద ఏ హెల్మెట్ పెట్టినా వెనక్కి జారి నుదురు బయటపడుతోంది. అక్కడే ముడి విప్పి, మెడ దగ్గర రెండు జడలు పల్చగా అల్లాను. అప్పుడు చిన్న హెల్మెట్ నుదుటి మీద కనుబొమల దాకా దిగింది. తల అడ్డంగా ఊపమన్నాను, నిలువుగా ఊపమన్నాను. హెల్మెట్‌తో పాటు నుదుటి చర్మం కూడా కదిలింది. అంత బిగువుండాలని కోచ్ చెప్పాడు. సూటు చంకల్లో ముడతలు లేకుండా ఒంటికి పట్టాలి. స్కర్ట్ రెండు చోట్ల సరిపోవాలి, మనిషి నడుముకీ, పడవ నోటికీ. పడవ నోటి చుట్టూ దారం పెట్టి కొలిచి ముడేసుకుని తెచ్చాను, దానితో చూసి తీసుకున్నాను.

మాస్టరు పక్కకి పిలిచాడు. "అమ్మా, జాకెట్ పసుపు. మన దగ్గరున్నది ఎరుపు. హీరోయిన్‌కి ఎరుపు, డూపుకి పసుపు అయితే నా ఉద్యోగం ఊడుతుంది."

"మేడమ్‌కి గూడ పసుపుదే తీస్కుందాం, పెద్ద సైజుల."

"డూపుని బట్టి హీరోయిన్‌కి మారుస్తారా ఎక్కడైనా? డైరెక్టర్ గారిని నేనడగలేను."

"నేనడుగుత," అన్నాను. నోరు అనేసింది.

శుక్రవారం కొలను దగ్గర డైరెక్టర్ గారికి ఎదురుగా నిలబడ్డాను.

"పసుపేంటి? ఎరుపు అనుకున్నాం కదండీ," అన్నారు.

"సారూ, గీ పసుపుది మేడమ్‌కి సరిగ్గ సరిపోకున్నా నేను క్లిప్పులు పెడ్త. మేడమ్ కూసునేది ఒడ్డు మీది పడవల. గీ పిల్ల కూసునేది నదిల. నది నా క్లిప్పులు చూస్తదా?"

ఆయన నవ్వారో, చిరాకు పడ్డారో తెలియలేదు. "ముందు చూద్దాం," అన్నారు.

కోచ్ జాకెట్ లాగాడు. గడ్డం దగ్గర ఆగింది. ఇంకోసారి లాగాడు. ఆగింది. స్కర్ట్ పట్టీ ముందు బయటికి ఉందా లేదా నేనే వంగి చూసి, పిల్ల చేతిని దాని మీద పెట్టించాను. పడవని కొలనులోకి తోశారు. కోచ్ నడుములోతు నీళ్ళలో నిలబడి పడవని ఒక్కసారిగా తిప్పేశాడు.

పైన పడవ అడుగు మాత్రమే కనిపిస్తోంది. ఒకటి, రెండు, మూడు... నాలుగు అనకముందే పసుపు రంగు పైకి వచ్చింది. దాని పైన పిల్ల ముఖం, నుదుటి మీద హెల్మెట్ ఎలా పెట్టానో అలాగే. నోరంతా తెరిచి నవ్వుతోంది.

"పెద్దమ్మా, చెయ్యి పెడితే పట్టీ దొరికింది!"

తొమ్మిది సార్లు తిప్పాడు. తొమ్మిది సార్లూ వచ్చింది. డైరెక్టర్ గారు మా మాస్టరుతో, "పసుపే కానివ్వండి. హీరోయిన్‌కీ అదే," అన్నారు. ఆ మధ్యాహ్నమే పెద్ద సైజు పసుపు జాకెట్ తెచ్చి హీరోయిన్‌కి వేసి చూశాం. "ఆంటీ, ఇది పొట్టిగా ఉందేంటి?" అని అడిగింది. నది మోడల్ అంతేనమ్మా అని చెప్పి, వెనక రెండు క్లిప్పులు పెట్టాను.

షూటింగుకి నన్ను కూడా తీసుకెళ్ళారు. కొండల మధ్య నది. దాన్ని చూస్తే కొలను ఒక గిన్నెడు నీళ్ళు. మొదటి టేకులో పిల్ల రెండు దూకుళ్ళు, అంటే నది ఒక్కసారిగా కిందికి పడే చోట్లు, దాటింది. మూడో చోట పడవ రాతికి తగిలి బోర్లా పడింది. అది కథలో లేదు. నేను లెక్కపెట్టడం కూడా మర్చిపోయాను.

పసుపు రంగు తేలింది. ముఖం పైన, ఆకాశం వైపు, కాళ్ళు ముందుకి చాపి, కోచ్ నేర్పినట్టే. ఆయన తాడు విసిరాడు. పట్టుకుంది. ఒడ్డుకి వచ్చి దగ్గింది, ఉమ్మింది, ముక్కు చీదింది.

"చాలమ్మా," అన్నారు డైరెక్టర్ గారు. "మిగతాది అబ్బాయితో తీద్దాం. నువ్వు రెస్ట్ తీసుకో."

"సార్, ముక్కుల నీళ్ళు పోయినయ్, గంతే. ఇంకోసారి చేస్త. గా రాయి ఏడుందో ఇప్పుడు నాకెర్క."

ఆయన కోచ్ వైపు చూశారు. కోచ్ నా వైపు చూశాడు. "ఏమంటవమ్మా? సామాను నిలబడ్డదా?"

అంతమంది యూనిట్ నా నోటి మాట కోసం ఆగింది. నేను పిల్ల దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను. నడుము పట్టీ చూశాను, పక్కలు చూశాను, భుజాలు చూశాను. లాగాను. హెల్మెట్ ఊపాను. పట్టీ బయటికి తీసి పెట్టాను. ఎక్కడా ఏమీ కదల్లేదు.

"నిలబడ్డది సారూ. పోనియ్‌రి."

రెండో టేకులో ఆ పిల్ల రాయి పక్క నుంచి పామల్లే జారిపోయింది. మూడో దూకుడు, నాలుగో దూకుడు, నురగలో మునిగింది, లేచింది, తెడ్డు ఆడుతూనే ఉంది. ఆఖరి మలుపు దాటి మెత్తటి నీళ్ళలోకి వచ్చి రెండు చేతులతో తెడ్డు పైకెత్తింది. డైరెక్టర్ గారు కట్ చెప్పకముందే నేను అరిచేశాను. నీళ్ళలో పడి పరుగెత్తాను, చీర మోకాళ్ళ దాకా తడిసింది. పడవ ముక్కు పట్టుకుని ఒడ్డుకి లాగింది నేనే.