ఊపిరుండగానే కప్పిన జెండా

ఇరవై ఏళ్ల కిందటి మాట. వనపర్తి నుంచి గోపాల్‌పేట పోయే బస్సులో ఒకాయన కొత్త పార్టీ కండువాతో నా సీటు పక్కన నిలబడ్డాడు. "పార్టీ మార్చినవంట, ఏం ముట్టిందే?" అని వెనక నుంచి ఎవరో ఎకసెక్కమాడారు.

నేనూ ఊరుకోలేదు. "ఇన్నేండ్లు మోసిన జెండ ఇడిసిపెడ్తవా బిడ్డా?" అని గద్దించాను.

"మా అమ్మ దవాఖానల ఉంటే పాత పార్టీ లీడరొచ్చిండు అవ్వా. సచ్చినంక మళ్ల రానీకి టైం లేదని, ఊపిరి ఆడుతుండంగనే పీనుగుకు కప్పినట్టు జెండ కప్పి, దండేసి, ఫొటో దిగి పోయిండు."

నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. "అయ్యో, ఎప్పుడు పోయింది?"

"యాడ పోయింది? నీ పక్కకే కూసుంది."

గిర్రున తిరిగి చూశాను. కిటికీ దగ్గర ముసలామె ఆ పాత జెండాలోనే మూటగట్టిన పల్లికాయలు ఒలుచుకుంటోంది. నవ్వి, నా కొంగులో గుప్పెడు పోసింది.

గింజ కూడా పారేసే మనిషిని కాను. ఆ రోజు మాత్రం నోట పెట్టుకోలేక, ఇంటిదాకా అట్లాగే మోసుకొచ్చాను.