కోడికి పెట్టిన పుట్టగొడుగుల కూర

మాది వీపనగండ్ల దిక్కు, పల్లీ చేల ఊరు. చేలో మొలిచే ఆకుకూరలన్నీ నాకు తెలుసు. పుట్టగొడుగంటే మాత్రం భయం. చిన్నప్పుడు మా వాడలో ఒకరు తిని దవాఖాన పాలయ్యారు.

నాలుగేళ్ల కింద, తొలి వానలకు, అడవి అంచున ఉన్న మా చెల్లెలి ఊరికి పోయాను. వాళ్లింటికి తేనె, చింతపండు తెచ్చిచ్చే చెంచు అవ్వ ఒకామె నన్ను వెంటబెట్టుకొని అడవికి బయల్దేరింది. పులులుండే అడవి కదా, గేటు దగ్గర మనలాంటి వాళ్లను ఆపుతారు. "నా మనిషే, పోనియ్యి" అంది అవ్వ. గార్డు ఏదో గొణిగి వదిలేశాడు.

లోపల ఎన్ని రకాలో! చెదపుట్ట మీద తెల్లటివి గుంపుగా లేచాయి. పడిపోయిన మోడుకు చెవుల్లాగా కొన్ని అతుక్కున్నాయి. మట్టి గీరితే గోలీల్లాంటివి. వెదురు కింద గోరంత పసుపుపచ్చవి. ఒక తెల్లదాన్ని అవ్వ పుల్లతో వంచి చూపింది, గొడుగు అడుగున ఆకుపచ్చగా ఉంది.

"ఇది మనది గాదు బిడ్డా, వాంతులైతయి. అయినా పీకొద్దు. దీన్ని తినేటియి గూడ ఉంటయి అడవిల."

మంచివి ఏరి, మోదుగాకుల్లో కట్టి నా ఒళ్లో పెట్టింది.

ఇంటికొచ్చి ఉల్లిగడ్డ, కారం వేసి వండాను. వాసనకే నోరూరింది. అయినా చెల్లెలిని ఆపాను.

"జర ఆగవే, ముందుగాల కోడికి పెట్టి చూద్దాం."

మా ఇంట్లో తెలియని ఆకేదైనా అలాగే చూసేవాళ్లం. వాకిట్లో రెండు ముక్కలు వేసి, కోడి వంకే చూస్తూ కూర్చున్నాను. సరిగ్గా అప్పుడే అవ్వ కాస్త ఉప్పు అడుగుదామని వచ్చింది. ముక్కల్ని చూసింది, కోడిని చూసింది.

"కోడిని అడుగుతున్నవా బిడ్డా? నన్నడిగితే చెప్పకపోదునా?"

"అది గాదవ్వా, మా దిక్కు..."

"నా పిల్లలను గివే పెట్టి సాదిన."

గిన్నెలోంచి చేత్తో తీసుకొని తింది. తిని గడప పక్కన కూర్చుంది.

"పొద్దుగూకెదాంక ఈడనే ఉంట. మంచిగ చూస్కో."

మా చెల్లెలు చేతులు పట్టుకొని బతిమాలినా అవ్వ లేవలేదు. నేను అప్పటికప్పుడే అన్నంలో కలుపుకొని తిన్నాను. ఆమె నా వైపు చూడలేదు.

ఇప్పటికీ వానాకాలం నేను పోతే పుట్టగొడుగులు తెస్తుంది. అలిగి మానేయలేదు. కాకపోతే పచ్చివి నా చేతికివ్వదు. మా చెల్లెలి పొయ్యి మీద తానే వండి, నేను చూసేలా మొదటి ముద్ద తాను తిని, అప్పుడు గిన్నె నా ముందుకు జరుపుతుంది.

"నాకు నమ్మకమే అవ్వా" అంటాను.

"తెల్సులే, తిను."

ఆ ముద్ద ఆమె నమిలినంత సేపూ నేను తల ఎత్తలేను.