జర తెలుపు

అయిజలో పెండ్లి కావలసిన పిల్ల ఉన్న ఇంటివాళ్లు మొదట ఎక్కేది జములమ్మ ఫోటో స్టూడియో మెట్లే. బస్టాండుకు ఎదురుగా, ఎరువుల దుకాణం మీద ఒక్క గది. ఆ గదికి యజమాని దేవదాసు. నలభై దాటిన మనిషి, మాట తక్కువ, చూపు ఎక్కువ. పిల్లను స్టూలు మీద కూర్చోబెట్టి, గడ్డం కింద రెండు వేళ్లు ఆనీ ఆననట్టు పెట్టి ముఖం ఒకవైపుకు తిప్పి, గట్లనే ఉండమ్మా అనేవాడు. మెరుపు మెరిసేది. అంతటితో పని అయిపోయిందని వచ్చినవాళ్లు అనుకునేవారు.

అసలు పని ఆ తర్వాత ఉండేది. అయిజలో ఫోటోలు వేసే ల్యాబు లేదు. నెగటివ్ ముక్కను కాగితపు కవరులో పెట్టి, మీద పేరూ ఎన్ని కాపీలో రాసి, పొద్దుటి బస్సు కండక్టరు చేతికిస్తే అది కర్నూలు చేరేది. మరునాటి సాయంత్రం బస్సుకు ఫోటోలు వచ్చేవి. కవరు మీద కింది మూలన దేవదాసు ఇంకో రెండు మాటలు కూడా రాసేవాడు. 'జర తెలుపు.' అంటే పిల్ల ముఖాన్ని కొంచెం తెల్లగా చెయ్యమని ల్యాబు వాళ్లకు చెప్పడమన్న మాట. పన్నెండేళ్ల కిందట ఎవరో తల్లి బతిమాలితే మొదటిసారి రాశాడు. ఆ తర్వాత అడగనివాళ్లకు కూడా రాశాడు. పోను పోను చెయ్యి దానంతట అదే రాయడం నేర్చుకుంది. అయిజలో పన్నెండేళ్ల పెండ్లిసంబంధాలన్నీ ఆ రెండు మాటల మీదుగానే నడిచాయంటే అతిశయోక్తి కాదు.

ఆ మాటల వల్ల దెబ్బ తిన్నది బాలమ్మ కూతురు సుమన. పంతొమ్మిదేళ్లది. చామనచాయకు రెండు మెట్లు కింద రంగు, పెద్ద నోరు, నవ్వితే ముఖమంతా నవ్వు. విత్తన పత్తి చేలలో క్రాసింగుకు పోయేది. మగపువ్వు తెచ్చి ఆడపువ్వుకు అద్దే ఆ పనిలో ఆమె వేళ్లంత చురుకైన వేళ్లు ఊళ్లో లేవని పేరు. దేవదాసు తీసిన ఫోటో చూసి ఖిల్లా ఘణపూర్ నుంచి ఒక సంబంధం వచ్చింది. వచ్చినవాళ్లు చాయ తాగి, ఫోటోను ఒకసారి, పిల్లను ఒకసారి చూసి, "ఫోటోల అక్కను పంపి ఇంట్ల చెల్లెను కూసోపెట్టిండ్రా?" అని అడిగిపోయారు. తర్వాత తెలకపల్లి వాళ్లు వచ్చారు. వాళ్లు చాయ కూడా తాగలేదు.

సరిగ్గా అప్పుడే, 2005 దసరా ముందర, గద్వాలలో చీరల వ్యాపారం చేసే నిరంజన్ సేటు అందాల పోటీ పెట్టాడు. 'గద్వాల చీర సుందరి' అని పేరు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో పద్దెనిమిది దాటిన ఆడపిల్ల ఎవరైనా ఒక ఫోటో పంపవచ్చు. ముప్ఫై మందిని ఎంచుకుంటారు. ఆ సాయంత్రం కట్టుకోవడానికి చీర సేటే ఇస్తాడు. కేబుల్ టీవీలో పొద్దస్తమానం తెర కింద ఆ మాటలే పరుగెత్తేవి.

అయిజ అదిరిపోయింది. హోటళ్ల దగ్గర మగవాళ్లు రెండు జట్లయ్యారు. ఆడపిల్లలను స్టేజీ ఎక్కించి చూడడమేందని ఒక జట్టు, టీవీలో పట్నం పిల్లల్ని చూస్తే లేని తప్పు మన పిల్లల్ని చూస్తే ఎట్లా వచ్చిందని ఇంకో జట్టు. కిరాణా దుకాణంలో తెల్లబరిచే క్రీము డబ్బాలు వారానికే అయిపోయాయి. క్రాసింగు చేలలో అయితే పని కంటే పోటీ ముచ్చటే ఎక్కువ. స్టేజీ మీద నడిచే తీరు నేర్పిస్తారట అని ఎవరో అంటే, మూడు బిందెలు మోసేటోళ్లకు నడక నేర్పుతరా అని సుమన నవ్వింది. నవ్విందే గాని, ఆ సాయంత్రం పని నుంచి నేరుగా స్టూడియో మెట్లెక్కింది.

ఆమె మాట సూటిగా ఉంది. "అన్నా, నన్ను ఉన్నట్టు తియ్యి. నీ తెలుపు నాకొద్దు. గెలుస్తనో లేదో తెల్వదు. ఒక్కపారి నలుగురు నన్ను నా లెక్క చూడాలె."

దేవదాసు తల దించుకున్నాడు. రెండు సంబంధాలు ఎందుకు పోయాయో అయిజలో ఆమెకూ అతనికీ తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. సరే తల్లీ అన్నాడు. రెండో లైటు సర్దబోయి వైరు కాలికి తగిలి పడబోతే ఆమె ఫక్కున నవ్వింది. ఆ నవ్వు మీదనే నొక్కాడు. ఇన్నేళ్లలో అంత మంచి ఫోటో తీయలేదని అతనికి అప్పుడే తెలిసిపోయింది.

ఆ వారం పోటీకని ఏడుగురు ఫోటోలు దిగారు. ఏడు నెగటివ్‌లు, ఏడు కవర్లు. మూడో కవరు మీద రాస్తుండగా కింద కర్నూలు బస్సు హారన్ కొట్టింది. గబగబా మిగతావి రాసి, మెట్లు దిగి, కండక్టరుకు అందించాడు. ఫోటోలు వచ్చిన రోజే ఆఖరి గడువు. ఒక్కొక్కటీ చూసి, బాగ వచ్చినయి అనుకుని, ఫారాలకు అంటించి పంపేశాడు. సుమన ఫోటోను కూడా చూశాడు. బాగా వచ్చిందనే అనుకున్నాడు.

ఏడుగురిలో నలుగురు ఎంపికయ్యారు. నలుగురిలో సుమన ఉంది. బాలమ్మ మొదట నలుగురూ ఏమనుకుంటారో అని గునిసింది గాని, టీవీలో బిడ్డ పేరు చదివేసరికి వీధివీధికీ తానే చెప్పుకొచ్చింది.

పోటీ రోజు మధ్యాహ్నం బస్సులో సగం అయిజ వాళ్లే. దేవదాసు ఇస్త్రీ చొక్కా వేసుకుని, భుజాన సంచీతో నలుగురు పిల్లల ముందు పెండ్లిపెద్దలా కూర్చున్నాడు. గద్వాలలో ఫంక్షన్ హాలు ముందు కాలు పెట్టే సందు లేదు. మైకులో పాటలు, పీకలు ఊదే పిల్లకాయలు, గోడలెక్కిన జనం.

గేటు దగ్గర సేటు గుమాస్తా ఫారాల కట్ట పట్టుకుని నిలబడ్డాడు. ఫోటో చూసి, మనిషిని చూసి, లోపలికి పంపుతున్నాడు. అయిజ పిల్లల్లో మిగతా ముగ్గురూ మెడ దాకా పౌడరు పూసుకున్నారు. ఫోటోలో ఎట్లున్నారో అట్లే ఉన్నారు. లోపలికి వెళ్లిపోయారు. సుమన కడిగిన ముఖంతో నిలబడింది. గుమాస్తా ఫోటో చూశాడు, మనిషిని చూశాడు, మళ్లీ ఫోటో చూశాడు.

"ఫోటోల ఉన్న పిల్లను తోలుకరాపో. వేరేటోళ్ల ఫోటో పెట్టి నువ్వొస్తె నడువది" అన్నాడు.

బాలమ్మ గుమాస్తా మీదికి లేచింది. సుమన మాత్రం అతని చేతిలోని ఫోటోను వంగి చూసింది. ఆమె దాన్ని చూడడం అదే మొదలు. నవ్వు ఆమెదే. ఆ నవ్వు చుట్టూ ఉన్న ముఖం గోధుమపిండి రంగులో ఎవరిదో. వెనక్కి తిరిగి దేవదాసు వైపు చూసి, మెల్లగా అడిగింది.

"రాసినవా అన్నా?"

బస్సు హారన్, కండక్టరు తొందర, చేతిలో పెన్ను అన్నీ అప్పుడు గుర్తొచ్చాయి దేవదాసుకు. రాశాడు. ఏడింటి మీదా రాశాడు. అంతకంటే సిగ్గుపడే సంగతి, ఫోటో చేతికొచ్చినప్పుడు కూడా తన కంటికి తేడా కనబడకపోవడం. పన్నెండేళ్లలో చేతికే కాదు, కంటికీ అలవాటైపోయింది.

గొడవ విని నిరంజన్ సేటు వచ్చాడు. ఇంకో అరగంటలో మొదలవుతుందని చెమటలు కక్కుతున్నాడు. ఈ పిల్లే ఆ పిల్ల అని దేవదాసు చెబితే, రుజువేందని అడిగాడు.

రుజువు సంచీలోనే ఉంది. ల్యాబు నుంచి తిరిగి వచ్చిన కవరు, అందులో నెగటివ్. కాని చుట్టూ ఉన్నది అయిజ. తన ఫోటోలు చూసి కోడళ్లను తెచ్చుకున్న అత్తలు, తన ఫోటోలు పంపి బిడ్డల్ని ఇచ్చిన తల్లులు. ఆ కవరు బయటికి తీస్తే రేపటి నుంచి స్టూడియో మెట్లెక్కేవాళ్లు ఉంటారా? తీయకపోతే, మూడోసారి ఈ పిల్ల తన ఫోటో కంటే తక్కువై ఇంటికి పోతుంది. దేవదాసు సంచీ జిప్పు లాగాడు.

సేటు కవరు తీసుకుని గట్టిగా చదివాడు. "సుమన. మూడు కాపీలు. జర తెలుపు. ఏం తెలుపాలె? ఎవరికి తెలుపాలె?"

"అందరికీ తెలుపాల్సిందే సేటూ" అన్నాడు దేవదాసు. తర్వాత ఆగకుండా చెప్పేశాడు. కర్నూలు ల్యాబు సంగతి, ఆ రెండు మాటల అర్థం, వద్దని పిల్ల చెప్పినా తన చెయ్యి రాసిన సంగతి. తప్పు తనదని, నెగటివ్‌ను వెలుతురుకు పెట్టి చూడమని అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడింది అదే.

గుంపులోంచి రుక్కమ్మ గొంతు లేచింది. ఆమెది అయిజే, స్టూడియో వెనక వీధి.

"ఓ దేవదాసూ, మరి మా కోడలి ఫోటో మీద గూడ రాసినవా?"

పక్కనే చంకలో బిడ్డనెత్తుకుని ఉన్న ఆమె కోడలు అంది, "నా ఫోటో సంగతి తర్వాత చూద్దువు గాని అత్తా, ముందుగల్ల నీ కొడుకు ఫోటో మీద రాసింది అడుగు."

నవ్వులతో గేటు కదిలిపోయింది. రుక్కమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ నవ్వులు విని లోపలి నుంచి లక్ష్మీదేవమ్మ వచ్చింది. వనపర్తిలో ముప్ఫై ఏళ్లు పంతులమ్మగా చేసి రిటైరైన మనిషి, ఆనాటి పోటీకి న్యాయనిర్ణేత. కవరు చూసింది, ఫోటో చూసింది, సుమనను చూసింది. ఫోటో తీరుగా లేనివాళ్లను పంపేయాలంటే లోపల కుర్చీలు తప్ప ఎవరూ మిగలరని సేటుతో అంది. తర్వాత హాల్లోకి పోయి, క్లాసులో చెప్పినట్టే చెప్పింది.

"అందరు నల్లాల కాడికి పోయి ముఖాలు కడుక్కొని రాండ్రి. అప్పుడు చూస్త."

భోజనాల గది వెనక చేతులు కడుక్కునే నల్లాలు వరుసగా ఉన్నాయి. అక్కడ ఒకటే గోల. ఇద్దరు అలిగారు. ఒకామె తల్లి సేటుతో తగాదాకు దిగింది. వనపర్తి నుంచి వచ్చిన పొడుగాటి పిల్ల ఒకతె మాత్రం, చెమటకు చచ్చిపోతున్నా అంటూ అందరికంటే ముందు నల్లా తిప్పింది. ఇక ఆగలేదు. మోరీలో నీళ్లు పాలలా తెల్లగా పారాయి. చీరల మీద నీళ్లు పడకుండా ఒకరి కొంగు ఒకరు పట్టుకున్నారు. సుమన కడిగిన ముఖాన్నే ఇంకోసారి కడుక్కుంది.

పిల్లలు స్టేజీ మీదికి వచ్చినప్పుడు హాల్లో మొదట ఈలలు పడ్డాయి. తర్వాత వింతగా అవి తగ్గి గుసగుసలు మొదలయ్యాయి. అరే, గీమె కండక్టరు బిడ్డ గద. గా మూడో పిల్ల మన దవాఖాన నర్సమ్మ చెల్లె. పౌడరులో ఎవరో అనుకున్నవాళ్లు ముఖాలు కడిగేసరికి అందరికీ తెలిసినవాళ్లయిపోయారు. తెలిసిన పిల్లల మీద ఈల వేయడం ఎవరికైనా కష్టమే. చప్పట్లు మాత్రం ఆగలేదు.

సుమన వంతు వచ్చింది. ఆకుపచ్చ నూలు చీర, ఎర్రటి పట్టు అంచు. బిందె లేకున్నా బిందె ఉన్నట్టే నిటారుగా నడిచింది. ఏం పని చేస్తావని లక్ష్మీదేవమ్మ అడిగితే, మాటతో చెప్పకుండా ఎడమ చేతి వేళ్లను మొగ్గలా ముడిచి, కుడిచేతి వేళ్లతో పుప్పొడి అద్ది చూపించింది. ఒకటి, రెండు, మూడు, అంత వేగంగా. హాల్లో కూర్చున్న ఆడవాళ్లలో సగం మంది ఆ పని చేసినవాళ్లే. ముందు వాళ్లు లేచారు. వాళ్లను చూసి మగవాళ్లు లేచారు. బాలమ్మ కుర్చీ ఎక్కి నిలబడింది. గేటు దగ్గర గుమాస్తా కూడా ఫారాల కట్ట చంకలో పెట్టుకుని చప్పట్లు కొట్టడం దేవదాసు చూశాడు.

మొదటి బహుమతి వనపర్తి పిల్లకు వచ్చింది. సుమనది రెండోది. రెండోది ఎట్లయితదని బాలమ్మ తిరుగు బస్సులో గద్వాల దాటినప్పటి నుంచి అయిజ వచ్చే దాకా అడుగుతూనే ఉంది. సుమన మాత్రం కిటికీ పక్కన కూర్చుని, కనబడ్డ ప్రతి ఊరి పేరూ గట్టిగా చదువుతూ, నవ్వుతూ వచ్చింది.

స్టూడియోకు జనం రావడం ఆగలేదు. నాలుగు రోజులు ఎవరూ ఎక్కలేదన్నది నిజమే. ఐదో రోజు రుక్కమ్మ చిన్నకొడుకును వెంటబెట్టుకొచ్చింది. రాస్తే రాయి గాని జర అంటే జరనే అని షరతు పెట్టింది. ఆమె తర్వాత వచ్చిన ఇద్దరు అసలే వద్దన్నారు. అప్పటి నుంచి దేవదాసు ప్రతి ఒక్కరినీ ముందే అడగడం మొదలుపెట్టాడు. ఆ ఒక్క ప్రశ్నతో అతను ఊళ్లో మాటకారి అన్న పేరు కూడా తెచ్చుకున్నాడు.

కాని అంతకుముందే, పోటీ అయిన మర్నాడే, సుమన నెగటివ్ మళ్లీ కర్నూలు పోయింది. మధ్యాహ్నం ల్యాబు నుంచి జగన్ ఫోను చేశాడు. కంప్యూటరు మీద ముఖాలు తెల్లబరిచేది అతనే.

"అన్నా, కవరు మీద రాసుడు మర్చినవు. ఎంత తెలుపు చెయ్యాలె?"

"ఏం చెయ్యకు. ఉన్నట్టు వెయ్యి."

జములమ్మ స్టూడియోనేనా అని జగన్ ఇంకోసారి అడిగాడు. తప్పు నెంబరేమో అనుకుని ఉంటాడు.

మరునాటి సాయంత్రం బస్సు రాకముందే సుమన వచ్చి బస్టాండులో నిలబడింది. చేతులకు ఇంకా పుప్పొడి ఉంది. కండక్టరు ఇచ్చిన కవరును దేవదాసు విప్పలేదు, ఆమె చేతికే ఇచ్చాడు. ఆమె వేళ్లను చీరకు తుడుచుకుని, ఫోటోను అంచు పట్టుకుని తీసి, చాలాసేపు చూసింది. తర్వాత దాన్ని తన ముఖం పక్కన పట్టుకుని అతని వైపు తిరిగింది.

"చెప్పన్నా, గిప్పుడు అక్కనా, చెల్లెనా?"

దేవదాసు ఫోటోను చూసి, ఆమెను చూసి, మళ్లీ ఫోటోను చూశాడు. ఈసారి చూడవలసినంత సేపు చూశాడు.

"నువ్వే" అన్నాడు.