పడుగుకు పెట్టిన అమృతపిండి

హరిబాబుకి షుగరొచ్చిందని డాక్టరు చెప్పినప్పుడు ఆయన పెళ్ళాం చౌడేశ్వరమ్మ అంతగా బెదరలేదు. దాని వెనకాలే ఆయనకి జ్ఞానం కూడా వచ్చిందని తెలిశాకే ఆవిడ గుండె గుభేలుమంది.

హరిబాబుది పెడనలో గుంట మగ్గం. ఒకరోజు నూలు కోసం బెజవాడ వెళ్ళి, నూలుతో పాటు అమృతపిండి అనే డబ్బా ఒకటి పట్టుకొచ్చాడు. కొర్రలు, అవిసె గింజలు, మెంతులు, ఇంకా నోరు తిరగని గింజలేవో కలిపి ఆడించిన పిండి. షుగరు, బీపీ, మోకాళ్ళ నొప్పులు, మలబద్ధకం, మతిమరుపు, అన్నిటికీ అదే మందని డబ్బా మీద అచ్చేశారు. చావు ఒక్కదాన్నే వదిలేశారు, పాపం మొహమాటపడి ఉంటారు.

ఆనాటి నుంచి ఇంట్లో బియ్యం బంద్. పొద్దున పిండి జావ, మధ్యాహ్నం పిండి ముద్ద, రాత్రికి పిండి రొట్టె. పైగా మగ్గం గుంటలో కూర్చుని, వచ్చేపోయేవాళ్ళందరికీ అన్నం ఎంత విషమో ఉపన్యాసం. వీధిలో సగం మంది ఆ డబ్బా కొన్నారు. చౌడేశ్వరమ్మ మాత్రం పక్కింట్లో దొంగతనంగా మజ్జిగన్నం తినొచ్చేది.

అంతవరకైతే నవ్వుకుని ఊరుకునేదే. కానీ ఆయన షుగరు బిళ్ళలు కూడా మానేశాడు. మగ్గం తొక్కే కాలి వేలు పక్కన పుండు పడింది, ఎన్నాళ్ళైనా మానదు.

"కాలు తీసేస్తారేమోనండీ, నాకు భయమేస్తోంది," అని ఏడ్చిందావిడ.

"నీ మొహం! ఒంట్లో చెడంతా అటుగా బయటికి పోతోందే," అన్నాడాయన.

ఇంతలో పడుగుకు, అంటే మగ్గం మీద నిలువునా పరిచే పోగులకు, గంజి పెట్టే రోజొచ్చింది. అది ఒక్కడి పని కాదు. తెల్లారగట్ల పడుగును వీధి పొడుగునా సాగదీసి కడితే, ఇరుగుపొరుగంతా వచ్చి గంజి పూసి, ఆరేలోగా కుంచెలతో దువ్వాలి. జనం వచ్చారు గానీ, గంజి కాయడానికి ఇంట్లో గుప్పెడు బియ్యం లేవు.

"పక్కింటి వదిన్ని అడిగొస్తానండీ."

"అక్కర్లా. మనిషికి బలమిచ్చేది నూలుకివ్వదా?" అంటూ డబ్బా డబ్బా అంతా మరిగే నీళ్ళలో బోర్లించాడు.

అవిసె గింజల జిగురంటే మాటలా! కుంచె ముందుకు కదిలితే ఒట్టు. పోగులన్నీ ఒకదాన్నొకటి కావలించుకున్నాయి. ఎండెక్కేసరికి పడుగు అప్పడంలా బిగుసుకుంది, చీమలు బారులు తీరాయి.

"బాబాయ్, నీ పడుగుకి మలబద్ధకం పట్టుకున్నట్టుందే!" అన్నారెవరో. వీధంతా ఘొల్లుమంది.

ఎదురింటి మార్కండేయులు ఒక్కడే నవ్వలేదు. కుంచె కింద పెట్టాడు.

"అన్నయ్యా, నీ మాట విని నేనూ షుగరు బిళ్ళలు మానేశా. ఈమధ్య కళ్ళు మసకలేస్తన్నాయి, పోగు ఆనట్లా. పిండి పనిచేస్తందేమోలే అని ఓర్చుకుంటన్నా."

నవ్వులు ఆగిపోయాయి. చౌడేశ్వరమ్మకి ఇన్నాళ్ళ కోపమూ కట్టలు తెంచుకుంది.

"ఊఁ, చెప్పండి! చెడంతా కళ్ళల్లోంచి పోతోందని చెప్పండి ఆయనకి!"

పాడైన పడుగును అక్కడే వదిలేసి, హరిబాబు కుంటుకుంటూ వెళ్ళి మార్కండేయులు చెయ్యి పట్టుకున్నాడు. "ఆటో పిలువే, బందరు ఆస్పత్రికి పోదాం," అన్నాడు పెళ్ళాంతో.

ఆవిడ ఇద్దర్నీ లోపలికి తోసి, మధ్యలో ఎక్కడా దిగి పారిపోకుండా తను చివర్న కూర్చుంది. ఆటో ఊరు దాటాక హరిబాబు పంచె కాస్త పైకి లాగి, పుండున్న కాలు మార్కండేయులు ముందు పెట్టాడు.

"నాకూ తగ్గలేదురా," అన్నాడు.